తూటా అడుగున సొట్ట

పదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. మింగేసిన మాట కాదు, పైకి అన్న మాటే. పట్టపగలు, గవర్నర్‌పేటలో, వచ్చేపోయేవాళ్లున్న కొట్లో అన్నాను. విన్నవాళ్లకు అందులో తప్పేమీ కనిపించలేదు. పెద్దవాడు, జాగ్రత్త తెలిసినవాడు అనుకున్నారు. ఆ మాట వల్ల ఒక మనిషి జైలుకు వెళ్లాడు. అప్పటికే చనిపోయిన ఇంకో మనిషి దొంగ అయ్యాడు. ఆ రెండూ జరగకుండా ఆపగలిగినవాణ్ణి ఆ కొట్లో నేనొక్కణ్ణే. ఆపలేదు సరికదా, దానంతట అది ఆగిపోబోతుంటే వెనకనుంచి తోశాను.

మీతో ఎందుకు చెబుతున్నానంటే, మీరు నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్లకు చెబితే వాళ్ల మొహం చూడాలి. ఇంట్లో మా ఆవిడతో చెప్పబోయి, ప్రతిసారీ మధ్యలో వేరే సంగతి ఎత్తాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఏలూరు కాలువ గట్టు పట్టుకుని నడుస్తాను, బ్యారేజీ దాకా పోతాను, మళ్లీ వస్తాను. నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరిని మనసులో నిలబెట్టి దులిపేస్తుంటాను. మున్సిపాలిటీవాళ్లు, కరెంటువాళ్లు, మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ. వాళ్లంతా అయిపోయాక ఇంకెవరూ మిగలరు. అప్పుడు ఆ మాట వస్తుంది.

నన్ను ఎరిగినవాళ్లు నా గురించి ఒకటే చెబుతారు, ఆయన దేన్నీ మరిచిపోడని. మెచ్చుకోలుగా కాదు. మా మేనకోడలి పెళ్లిలో నన్ను మొదటి బంతిలోంచి లేపి ఎవరో కాంట్రాక్టరును కూర్చోబెట్టారు. ఆ లేపినవాడి ఇంటి గడప ఈరోజుకీ తొక్కలేదు. పెన్షన్ ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉండి కూడా నిలబెట్టి మాట్లాడిన గుమాస్తా మీద పైకి రాశాను, పైవాడు జవాబివ్వకపోతే వాడి మీద రాశాను. చాలా వాటిలో న్యాయం నా వైపే ఉంది. ఇప్పటికీ అదే అంటాను. కానీ న్యాయం నా వైపున్నంత మాత్రాన నేను చేసిందంతా న్యాయమేనా? ఈ ప్రశ్న నేను ఎదుటివాళ్లను అడిగాను. నన్ను నేను అడగలేదు.

మాది ఉయ్యూరు పక్కన చెరుకు వేసే కుటుంబం. డిగ్రీ అయ్యాక బెజవాడ వచ్చి గవర్నర్‌పేటలో తుపాకులు, తూటాలు అమ్మే కొట్లో చేరాను. లైసెన్స్ ఉన్నవాళ్లకే అమ్మకం. మెట్ట పొలాల్లో పందుల బెడద ఉన్న రైతులు, బ్యాంకు గార్డులు, పాత జమీందారీ ఇళ్లవాళ్లు మాకు బేరం. ఓనరుకు లెక్కలు తెలుసు, నాకు సరుకు తెలుసు. ఎన్నికలొస్తే మా కొట్టు కిటకిటలాడేది. కోడ్ రాగానే లైసెన్స్ తుపాకులన్నీ పోలీసు స్టేషన్లోనో, మాలాంటి కొట్లోనో జమ చేయాలి. ఓట్ల లెక్కింపు అయ్యాక వెనక్కి తీసుకుంటారు. ఆ రోజుల్లో జనం తుపాకితో పాటు పెట్టెల అడుగున దొరికినవన్నీ పట్టుకొచ్చేవాళ్లు. తాత సైన్యంలో పనిచేశాడనీ, ఆయన ట్రంకులో ఇవి ఉన్నాయనీ చెప్పి, గుడ్డలో చుట్టిన పాత తూటాలు గల్లామీద పెట్టేవాళ్లు. ఇవేంటో చెప్పండని అడిగేవాళ్లు. నేను చెప్పేవాణ్ణి.

తూటా చేతికిస్తే ఎవరైనా ముందు దాని ముక్కు చూస్తారు. చూడాల్సింది అడుగు. సైన్యం తూటాకు అడుగున అక్షరాలుంటాయి, ఏ ఫ్యాక్టరీలో చేశారో, ఏ ఏడు చేశారో, ఏ తుపాకికి పనికొస్తుందో. ఆ అక్షరాల మధ్యలో రూపాయి బొట్టంత కూడా ఉండని చిన్న గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాన్ని క్యాప్ అంటాం. తుపాకిలోని పిన్ను వచ్చి ఆ క్యాప్‌ను కొడితే లోపలి మందు అంటుకుంటుంది. పేలిన తూటాకు ఆ క్యాప్ మీద సొట్ట పడుతుంది. కాబట్టి ముక్కు ఎంత చక్కగా ఉన్నా, అడుగున సొట్ట ఉంటే అనుమానించాలి. అది ఒకసారి పేలి ఖాళీ అయిన గొట్టం, ఎవరో దానికి మళ్లీ ముక్కు తొడిగారన్నమాట. పాత త్రీ నాట్ త్రీ తూటాలో మందు పొడిగా ఉండదు, సేమ్యా పుల్లల్లా ఉంటుంది. చెవి దగ్గర ఆడిస్తే కొంచెం గలగలమంటుంది. మందు లేనిది మాట్లాడదు, చేతికి తేలిగ్గా కూడా ఉంటుంది. ఇదంతా పెద్ద విద్యేమీ కాదు. నాకు దీన్ని నేర్పిన మనిషి పేరు పానకాలరావు మాస్టారు.

ఆయన ఉయ్యూరులో మా కాలేజీలో లెక్కలు చెప్పేవారు, ఎన్‌సీసీ క్యాడెట్లకు శిక్షణ కూడా ఇచ్చేవారు. మంగళగిరి వైపు మగ్గం కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఇస్త్రీ చెదరని ఖాకీ బట్టలు, చిన్న మీసం, గట్టిగా అరవకుండానే మైదానమంతా వినిపించే గొంతు. నేనంటే ఇష్టంగానే ఉండేవారు. నా గురి బాగుండేది. క్యాడెట్ కుర్రాళ్ల చేతికి నిజం తూటాలిచ్చి నింపడం, తీయడం నేర్పలేం కదా. అందుకని కాల్చేసిన ఖాళీ గొట్టాలు కొన్ని ఇవ్వమని ఆయన మా పై ఆఫీసరును అడిగారు. నేను పక్కనే ఉన్నాను. ఆఫీసరు నవ్వి, పిల్లల పాఠానికే కదా, పేలినవి ఎలాగూ కరిగించేవే, తీసుకోండి అన్నాడు. ఆ గొట్టాలను సంచిలో వేసుకుని మాస్టారితో పాటు ఉయ్యూరులో ఒక లేత్ షాపుకు వెళ్లాను. ఆ షాపువాడు ఇత్తడి కడ్డీని ముక్కులుగా తిప్పి ఇచ్చాడు. గొట్టాల్లో ముక్కులు దిగ్గొట్టేటప్పుడు పట్టుకారుతో పట్టుకున్నది నేను. అడుగు చూడు, సొట్ట ఉంటే అది చచ్చిన తూటా అని ఆయన చెప్పింది అక్కడే.

ఇంతవరకూ బాగానే ఉంది కదా. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. చెప్పకపోతే నేనేదో ఊరికే చెడ్డవాణ్ణి అనుకుంటారు. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చుని కూడా నా వైపు సాక్ష్యం వెతుక్కుంటున్నాను.

ఆ ఏడాది చివర్లో కాల్పుల శిక్షణ పెట్టారు. ఢిల్లీ పరేడ్‌కు ఎవరిని పంపాలో అక్కడే తేలుతుందన్నారు. నేను బాగా కాల్చాను. అందరికంటే బాగా కాల్చానని నా లెక్క. కాల్పులయ్యాక ఖాళీ గొట్టాలన్నీ ఏరి అప్పగించాలి, ఒక్కటి తగ్గినా ఒప్పుకోరు. ఆ రోజు ఒకటి తగ్గింది. ఎండలో అందరం మోకాళ్ల మీద పాకుతూ గడ్డి వెతికాం. దొరకలేదు. మాస్టారు లేచి నిలబడి చుట్టూ చూసి, నా దగ్గరికి వచ్చి, జేబులు తిరగేయమన్నారు. నన్నొక్కణ్ణే. తిరగేశాను. రుమాలు, బస్సు టికెట్టు, వేరుశనగ పప్పులు కింద పడ్డాయి. కుర్రాళ్లు నవ్వారు. బూట్లు కూడా విప్పమన్నారు. విప్పాను. కాసేపటికి ఆ గొట్టం నేను పడుకుని కాల్చిన పట్టా మడతలోనే దొరికింది. మాస్టారు దాన్ని తీసుకుని డబ్బాలో వేసి, పదండి అన్నారు. అంతే. తప్పయిపోయిందిరా అన్న మాట లేదు. ఢిల్లీకి ఇంకొకణ్ణి పంపారు.

ఆయన నన్నే ఎందుకు అడిగారు? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. లేత్ షాపుకు వచ్చినవాణ్ణి కాబట్టి గొట్టాల మీద ఆశ పుట్టిందనుకున్నారేమో. అది మరీ మండింది నాకు. ఆయన సంచి నిండా తెచ్చుకుంటే పాఠం, నా జేబులో ఒకటి ఉంటుందేమోనన్న అనుమానమే దొంగతనం. మళ్లీ ఆయన క్లాసులో ముందు బెంచీలో కూర్చోలేదు. డిగ్రీ అయ్యాక ఆయనకు ఎదురుపడలేదు. బెజవాడ రోడ్డు మీద రెండుమూడుసార్లు కనిపిస్తే సందులోకి తిరిగిపోయాను. కోపం చల్లారిందని ఎవరికైనా అనిపించి ఉండొచ్చు. నాకు మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

ఇక ఆ రోజు. ఎన్నికల కోడ్ వచ్చి వారం కూడా కాలేదు. కొత్తగా వచ్చిన కుర్ర ఎస్సై మా కొట్లో సరుకు తనిఖీ చేయడానికి వచ్చి కూర్చున్నాడు. ఓనరు బ్యాంకు పని మీద బయటికి వెళ్లాడు. అప్పుడు ఒకాయన తుపాకి సంచి భుజానికేసుకుని, చేతిలో బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. నలభై దాటినవాడు, కళ్లద్దాలు, మర్యాదగా ఉన్నాడు. నన్ను చూసి, ఓనరుగారు లేరాండి అన్నాడు. నేనున్నా కదా అన్నాను. పర్లేదండి, ఆయన వచ్చేదాకా ఉంటాను అన్నాడు. నేను లేనట్టే.

ఎస్సై పలకరించి వివరాలు అడిగాడు. ఆయన పేరు శివప్రసాద్, ప్రభుత్వ కాలేజీలో లెక్చరరు, క్యాడెట్లకు ఆఫీసరు కూడా. తండ్రి ఈ మధ్యనే పోయారు. తండ్రి పేరు మీదున్న తుపాకి జమ చేయడానికి వచ్చాడు. అదే ట్రంకు పెట్టెలో ఇవి కూడా ఉన్నాయి, ఇంట్లో ఉంచడం మంచిది కాదని తెచ్చాను అన్నాడు. తండ్రి పేరు పానకాలరావు అన్నాడు.

డబ్బా మూత తీశాడు. ఆకుపచ్చ చిలుము పట్టిపోయి, ముక్కులూ గొట్టాలూ ఒకే రంగులో, బల్లి పెట్టిన గుడ్లలా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎస్సై మొహం మారింది. అతను చదువుకున్నది కొత్త తుపాకుల మీద, ఈ పాతవి పట్టుకున్నవాడు కాదు. అయినా పెద్దగా కంగారు పడలేదు. కేసులు పెట్టాలన్న ఆత్రమూ అతనిలో లేదు. అది నేను మరిచిపోకూడని సంగతి.

"పెద్దాయనా, ఇవేంటో కాస్త చూడండి. ఉత్తుత్తివైతే చెప్పండి, స్టేషన్లో పడేసి చేతులు దులుపుకుంటా. అసలే ఎలక్షన్ పని నెత్తి మీదుంది."

"మా నాన్నగారు పిల్లలకు పాఠం చెప్పడానికి వాడేవారండి," అన్నాడు శివప్రసాద్. "డమ్మీలే. నేను చిన్నప్పుడు వీటితో ఆడుకునేవాణ్ణి కూడా."

"ఎవరైనా అట్లానే అంటారులెండి. ఈయన్ని చెప్పనివ్వండి."

నేను ఒకటి తీసుకుని దీపం వైపు తిరిగాను. వాళ్లకు నా వీపు మాత్రమే కనిపిస్తోంది. బరువు చేతికి ఆనలేదు. అప్పుడే తెలిసింది. అయినా బొటనవేలితో అడుగు రుద్దాను. చిలుము పొడిగా రాలింది. క్యాప్ మధ్యలో సొట్ట. ముక్కు మీద లేత్ గీతలు సన్నగా కనిపించాయి. పట్టుకారుతో పట్టుకున్నప్పటి లోహం వాసన కూడా వచ్చినట్టనిపించింది, అది నిజం కాకపోవచ్చు. నా చేతిలో ఉన్నది ఏమిటో ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అప్పుడే ఆ ఎండ, ఆ గడ్డి, కింద పడ్డ వేరుశనగ పప్పులు గుర్తొచ్చాయి. గుర్తొచ్చాయనడం కూడా అబద్ధమే. అవి ఎప్పుడూ అక్కడే ఉన్నాయి.

రుద్దినదాన్ని డబ్బాలో అడుగు కిందికి వచ్చేలా నిలబెట్టి, మిగతావాటి మధ్యలోకి జరిపాను.

"ఇవి మిలిటరీ తూటాలండి. త్రీ నాట్ త్రీ. మనం అమ్మకూడదు, కొనకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు."

"అది నాకూ తెలుసు. బతికున్నవా, చచ్చినవా?" అంటూ ఎస్సై ఒకటి తీసి, అడుగున చిలుము పోయేలా రుద్దడానికి బొటనవేలు పెట్టాడు.

"రుద్దకండి. పేలతాయి."

అదీ ఆ మాట. ఎస్సై తూటాను మెల్లగా, నిద్రపోయే పిల్లను దింపినట్టు డబ్బాలో పెట్టాడు. శివప్రసాద్ నవ్వాడు.

"పేలడమేంటండి, మా నాన్నగారు చేయించినవి."

"మీ నాన్నగారు ఏం చేయించారో నాకు తెలియదు బాబూ. అక్షరాలున్నాయి, చేసిన సంవత్సరం ఉంది. కాదని నేనైతే అనలేను. ల్యాబ్‌కు పంపితే వాళ్లే చెబుతారు."

ఎంత పద్ధతిగా ఉందో చూడండి. ఒక్కొక్క వాక్యం విడిగా తీసి చూస్తే దేనికీ వంక పెట్టలేరు. అక్షరాలు నిజం. సంవత్సరం నిజం. ల్యాబ్ నిజం. "నాకు తెలియదు" అబద్ధం. "పేలతాయి" కూడా అబద్ధం, బతికున్న తూటా కూడా బొటనవేలితో రుద్దితే పేలదు. ఆ అబద్ధాల మీద జాగ్రత్త అనే గుడ్డ కప్పాను. అర్జీలు రాసి రాసి నేర్చుకున్న తెలివి అది.

ఎస్సై లేచి బయటికెళ్లి పైవాళ్లకు ఫోన్ చేశాడు. ఎన్నికల సమయం, సైన్యం తూటాలు. వదిలేస్తే తన మెడకు చుట్టుకుంటుందని అతనికీ భయమే. పంచనామాకు సాక్షిగా సంతకం పెట్టమని అడిగితే, కొట్టు వదలలేనన్నాను. పక్క కొట్లవాళ్లు పెట్టారు. నా పేరు ఎక్కడా లేదు. శివప్రసాద్‌ను జీపు ఎక్కించేటప్పుడు ఆయన నావైపు తిరిగి, ఓనరుగారు వస్తే తుపాకికి రసీదు రాయించి ఉంచండి అన్నాడు. సాయంత్రానికి తిరిగొస్తాననుకున్నాడు.

తిరిగి రాలేదు. కోర్టులో పెట్టారు, రిమాండ్ అన్నారు, జైలుకు పంపారు. నిషిద్ధ ఆయుధాల కేసు కావడంతో బెయిల్ వెంటనే దొరకలేదు. ప్రభుత్వ ఉద్యోగి రెండు రోజులు దాటి కస్టడీలో ఉంటే దానంతటదే సస్పెన్షన్ అవుతుంది, ఎవరూ ప్రత్యేకంగా కోపగించుకోనక్కర్లేదు. క్యాడెట్ ఆఫీసరు యూనిఫాం తీసేసుకున్నారు. పేపరులో జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఆ వార్త చదివి నేను ఏం చేశానో తెలుసా? టీ తాగాను. రెండోది కూడా తెప్పించుకున్నాను. ఆ రోజు మనసుకు హాయిగా ఉంది. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది, అయినా రాయకపోతే మిగతాదంతా నటన అవుతుంది.

హాయి ఎక్కువ రోజులు ఉండలేదు. ఉయ్యూరులో, కాలేజీలో మాట మారింది. కొడుకు సంగతి వదిలేసి జనం తండ్రిని పట్టుకున్నారు. ఆ మాస్టారు ఫైరింగ్ నుంచి తూటాలు దొబ్బుకొచ్చేవాడట, పిల్లల జేబులు మాత్రం తనిఖీ చేసేవాడట అని నవ్వుకున్నారు. క్యాడెట్ల గదిలో ఆయన ఫోటో ఉండేది, తీసేశారు. నేను కోరుకున్నది ఇదేనా? అవును, ఇదే. సరిగ్గా ఇదే. జేబులు తిరగేయించిన మనిషిని ఊరంతా కలిసి తిరగేసింది. అయినా నాకు అన్నం సయించలేదు. ఆయన ఉండి ఉంటే ఏదో ఒకటి అనేవారు. ఆయన లేరు. లేని మనిషిని దొంగను చేయడానికి ధైర్యం అక్కర్లేదని అప్పటికి తెలిసింది.

ఏడాది దాటాక ల్యాబ్ నుంచి జవాబు వచ్చింది. మందు లేదు, క్యాప్‌లు పేలినవి, పనికిరానివి అని. కేసు పోయింది. ఉద్యోగం తిరిగి ఇచ్చారు, కాకపోతే ఎక్కడో కొండ ప్రాంతానికి వేశారు. యూనిఫాం ఇవ్వలేదు. ముసలి తల్లిని తీసుకుని అంత దూరం వెళ్లలేక ఆయన స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడని విన్నాను. ల్యాబ్ కాగితం తూటాలు చచ్చినవని చెప్పింది. అవి ఎక్కడివో చెప్పలేదు. ఖాళీవైనా సరే, ప్రభుత్వం సొత్తే కదా, ఎత్తుకొచ్చాడు కదా అన్నారు జనం. మాస్టారు అడిగి తీసుకున్నారని తెలిసిన ఆఫీసరు పోయాడు. లేత్ షాపు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టుంది. మిగిలింది నేను.

చెప్పి ఉండొచ్చు. ఎన్నిసార్లు అనుకున్నానో. ప్రతిసారీ ఒక కారణం దొరికేది. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారు. ల్యాబ్ తేల్చేసింది కదా, ఇంక నేను చెప్పేదేముంది. ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు, నేనెందుకు చెప్పాలి. ఈ చివరిది అన్నిటికంటే బలమైనది. చాలా ఏళ్లు దాని మీదే నిలబడ్డాను.

పోయిన నెల ఉయ్యూరులో పాత క్యాడెట్లమంతా కలిశాం. తలలు నెరిసినవాళ్లం, చెరుకు రసం తాగుతూ, ఒకరి పొట్ట చూసి ఒకరు నవ్వుకుంటూ కూర్చున్నాం. ఎవరో మాస్టార్ల పేరు మీద చిన్న సన్మానం పెడదామన్నారు. పానకాలరావు మాస్టారి పేరు కూడా వచ్చింది. అప్పుడు నాతో పాటు మోకాళ్ల మీద పాకినవాడొకడు, ఆ తూటాల ఆయనా, వద్దులేరా, మళ్లీ పేపరులో పడతాం అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం ఆగలేదు కాసేపు. ఆ తర్వాత లేచి ఎవరితోనూ చెప్పకుండా బస్టాండుకు వచ్చేశాను.

మర్నాడు ఇబ్రహీంపట్నం వెళ్లాను. శివప్రసాద్ థర్మల్ కాలనీకి దగ్గర్లో అద్దె ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. గుర్తుపట్టాక తన కుర్చీ నాకు జరిపి, తాను మంచం అంచున కూర్చున్నాడు. కొట్లో ఉండేవారు కదండీ అన్నాడు. కోపం లేదు. లోపల గదిలో వాళ్లమ్మగారు, మాస్టారి భార్య, పడుకుని ఉన్నారు.

నేను మాస్టారి దగ్గర క్యాడెట్‌నని చెప్పాను. పై ఆఫీసరును అడగడం, లేత్ షాపు, ఇత్తడి ముక్కులు, పట్టుకారు, అన్నీ చెప్పాను. అంతా విన్నాక ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు.

"అయితే నాన్న అడిగే తీసుకున్నారా అండీ?"

"అవునండి. నా ఎదురుగానే."

ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. అమ్మా, నాన్న అడిగే తీసుకున్నారంట, చూసినాయన వచ్చారు అంటున్నాడు. లోపలి నుంచి ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. బయటికి వచ్చి శివప్రసాద్ నా ముందు నిలబడి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ సంగతి తనకే అనుమానంగా ఉండేదనీ, తండ్రి ఫోటోకు దండ వేసేటప్పుడల్లా మనసులో ముల్లులా గుచ్చుకునేదనీ అన్నాడు. ఆ రోజు మీరైనా తెలియనిదాన్ని తెలుసని చెప్పకుండా ల్యాబ్‌కు పంపమన్నారు, పద్ధతైన మనిషి అనుకున్నాను అన్నాడు.

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. అమ్మకు కాఫీ పెడుతున్నాను, మీకూ పెట్టనా అని ఆయన అడిగాడు. వద్దండి అని లేచాను. గేటు దాకా వచ్చి బస్సెక్కడ దొరుకుతుందో చూపించాడు.

మాస్టారు దొంగ కాదని చెప్పి, నేనేమిటో చెప్పకుండా వచ్చేశాను. అసలైన ముక్కను దాచుకుని, దాని మీద దండం పెట్టించుకున్నాను. పదేళ్ల కిందటి కంటే పోయిన నెల చేసిందే పెద్ద తప్పేమో. ఆ రోజు నుంచీ ఇంట్లో ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను.

అందుకే ఇది. పేర్లు మార్చాను, నా పేరు పెట్టలేదు, కానీ ఆయన చదివితే ఎవరి సంగతో తెలుస్తుంది. పాత క్యాడెట్లు చదివినా తెలుస్తుంది, తెలియాలి. నా జేబులు తిరగేయించినందుకు మాస్టారి మీద నా కోపం ఇంకా ఉంది. పోయిందని చెబితే మళ్లీ అబద్ధమవుతుంది. ఆయన చేసింది తప్పే. కానీ దాని పక్కన పెట్టి చూపించి, నాది చిన్నది అనిపించుకోవడానికి ఇది రాయడం లేదు. అది వేరు, ఇది వేరు.

శివప్రసాద్ గారూ, సొట్ట నేను చూశాను. చూశాకే రుద్దకండి అన్నాను. పేలవని తెలుసు. మిమ్మల్ని జీపు ఎక్కిస్తుంటే ఒక్క మాటతో ఆపగలనని తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

రాశాను. చెయ్యి కొంచెం తేలికపడింది, అంతకంటే ఏమీ లేదు. మీరు పోయిన నెల మీ ఇంట్లో నాకు పెట్టిన దండం వెనక్కి తీసుకోండి. అది నాది కాదు.